ఇంటి సోదాకు ముందు అనుమతా, తర్వాత లెక్కా? ఏది మేలు?

1957 మే 23న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాల్రీ మ్యాప్ అనే ఆవిడ ఇంటికి పోలీసులు వచ్చారు. బాంబు పేలుడు కేసులో కావలసిన మనిషి ఆ ఇంట్లో దాక్కున్నాడని వాళ్లకు సమాచారం. ఆవిడ లాయరుకు ఫోన్ చేసి కనుక్కుని, వారెంట్ లేకుండా లోపలికి రానివ్వనంది. కొన్ని గంటలకు ఇంకొంతమంది వచ్చి తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చారు. వారెంట్ ఏదని అడిగితే ఒక కాగితం ఊపారు. ఆవిడ దాన్ని లాక్కుని బట్టల్లో దోపుకుంది. పెనుగులాడి దాన్ని వెనక్కి తీసుకుని, ఆవిడకు బేడీలు వేసి సోదా మొదలుపెట్టారు. సొరుగులు, అల్మారా, సూట్‌కేసులు, ఫోటో ఆల్బమ్, సొంత కాగితాలు, చివరికి పిల్ల పడుకునే గది కూడా వదల్లేదు. దొరికినవి కొన్ని అశ్లీల పుస్తకాలు. వాటి మీదే కేసు పెట్టారు. ఊపిన ఆ కాగితాన్ని మాత్రం విచారణలో ఎవరూ చూపించలేకపోయారు.

ఇల్లు పోలీసు అధికారానికి ఎంతవరకు లొంగాలి అన్న ప్రశ్నకు దేశాలు ప్రధానంగా రెండు దారులు పట్టాయి. గడప దాటే ముందే జడ్జి అనుమతి తీసుకోవాలన్నది ఒకటి. ముందు సోదా జరగనిచ్చి, తప్పు జరిగితే తర్వాత సరిదిద్దాలన్నది రెండోది. చాలా చోట్ల రెండూ కలిసే ఉంటాయి. బరువు ఎటు వేశారన్నదే తేడా.

రెండో దారిలో అన్నిటికన్నా పేరున్న విరుగుడు, అక్రమంగా దొరికిన సాక్ష్యాన్ని కోర్టు పక్కన పెట్టడం. డాల్రీ మ్యాప్ కేసులో 1961లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో దీన్ని రాష్ట్రాల కోర్టులకూ వర్తింపజేసింది. దీని మీద అభ్యంతరం అప్పటికే పాతది. కానిస్టేబుల్ తప్పు చేస్తే నేరస్థుడిని వదిలేయాలా అని 1926లోనే న్యూయార్క్ జడ్జి కార్డోజో అడిగాడు. నిజంగా బలమైన ప్రశ్న అది. ఇంట్లో శవం దొరికిందనుకోండి, వారెంట్‌లో లోపం ఉందని హంతకుడిని ఇంటికి పంపిస్తే చచ్చిపోయినవాడి తల్లికి ఏం చెప్తాం?

మన దేశం ఈ విషయంలో అవతలి కొసన ఉంది. సోదా చట్టవిరుద్ధంగా జరిగినా, కేసుకు సంబంధించిన సాక్ష్యమైతే, రాజ్యాంగంలోనో చట్టంలోనో ప్రత్యేక నిషేధం లేకపోతే దాన్ని వాడుకోవచ్చని 1974లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కెనడాది మధ్యేమార్గం. తప్పు ఎంత తీవ్రమైనది, మనిషి హక్కుకు ఎంత దెబ్బ తగిలింది, కేసు తేలడంలో సమాజానికి ఉన్న అవసరం ఎంత అని మూడూ తూచి చూడాలని 2009లో గ్రాంట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. సోదా అయిపోయాక సరిదిద్దే పద్ధతుల్లో నాకు ఇదే న్యాయంగా తోస్తుంది.

అయినా ఈ దారి మొత్తంలో ఒక పెద్ద లోటు ఉంది. సాక్ష్యం తోసిపుచ్చడం వల్ల మేలు ఎవరికి? ఏదో ఒకటి దొరికినవాడికి. ఏమీ దొరకని ఇంటి సంగతేంటి? పోలీసులు వచ్చారు, బీరువా గుమ్మరించారు, పరుపులు తిరగేశారు, పెళ్లి కాని అమ్మాయి డైరీ చదివారు, వెళ్లిపోయారు. కేసు లేదు, కోర్టు లేదు, తోసిపుచ్చడానికి సాక్ష్యమూ లేదు. పక్కింటివాళ్ల చూపులు మాత్రం మిగులుతాయి. ఏ తప్పూ చేయని ఆ కుటుంబానికి ఈ విరుగుడు ఎందుకూ పనికిరాదు.

వాళ్లకున్నది నష్టపరిహారం దావా ఒక్కటే. 1762లో లండన్‌లో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లోకి రాజు మనుషులు చొరబడి, నాలుగు గంటలపాటు కాగితాలన్నీ కెలికి మూటకట్టుకుపోయారు. ఒక మంత్రి ఇచ్చిన ఉత్తర్వు వాళ్ల చేతిలో ఉంది. అలాంటి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఏ చట్టంలోనూ లేదని 1765లో లార్డ్ కామ్డెన్ తీర్పు చెప్పాడు. ఎంటిక్‌కు 300 పౌండ్ల పరిహారం వచ్చింది. గొప్ప తీర్పే, కానీ మూడేళ్లు పట్టింది. రోజు కూలి పోగొట్టుకుని పోలీసుల మీద మూడేళ్లు కోర్టు చుట్టూ తిరగగలిగేవాళ్లు ఎంతమంది? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే అవుతుంది.

అందుకే నా ఓటు ముందు అనుమతికే. ఇది నేరస్థుడికీ అమాయకుడికీ ఒకేలా రక్షణగా నిలబడుతుంది. జడ్జి చూసేటప్పటికి ఇంట్లో ఏముందో ఎవరికీ తెలీదు. కాబట్టి అనుమానానికి ఆధారం ఎంత అన్నదే చూస్తాడు. గంజాయి మూట బల్లమీద పెట్టాక అదే ప్రశ్న అడిగితే ఎవరి మనసైనా అటే మొగ్గుతుంది.

ముందు అనుమతి దానంతట అదే కాపాడేస్తుందని కాదు. 2020 మార్చి 13న అమెరికాలోని లూయీవిల్‌లో 26 ఏళ్ల బ్రియానా టేలర్ తన ఇంట్లోనే పోలీసు తూటాలకు చనిపోయింది. ఆ సోదాకు వారెంట్ ఉంది! దాని కోసం ఇచ్చిన అఫిడవిట్‌లో అబద్ధాలు రాశారన్న విషయంలో ఒక డిటెక్టివ్ తర్వాత కోర్టులో నేరం ఒప్పుకుంది. జడ్జి నాలుగు ప్రశ్నలు అడగకుండా సంతకం పెడితే వారెంట్‌కూ ఊపిన కాగితానికీ తేడా ఉండదు.

ఆలస్యం సంగతి వేరు. జడ్జి దొరికేలోపు సరుకు మాయమైపోతుందని పోలీసులు చెప్పేది అబద్ధం కాదు. దీనికి జర్మనీ మంచి దారి చూపింది. అక్కడి రాజ్యాంగం 13వ అధికరణం ప్రకారం ఇంటి సోదాకు జడ్జి ఆదేశం కావాలి, ఆలస్యమైతే ప్రమాదం అన్నప్పుడే మినహాయింపు. ఆ మినహాయింపే అలవాటుగా మారకూడదని 2001లో రాజ్యాంగ కోర్టు గట్టిగా చెప్పింది. జడ్జి అందుబాటులో ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత కోర్టులకూ దర్యాప్తు అధికారులకూ ఉందని అంది. అమెరికా ఫెడరల్ (కేంద్ర) కోర్టుల నిబంధనలు ఫోన్లో వారెంట్ ఇవ్వడాన్ని 1977లోనే ఒప్పుకున్నాయి. ప్రతి జేబులో వీడియో కాల్ ఉన్న ఈ రోజుల్లో జడ్జి దొరకలేదన్న మాట నిలవదు. లోపల నుంచి కేకలు వినిపిస్తున్నా, మంటలు లేచినా ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్ని ఎవరూ కాదనరు.

మన చట్టం రెండు దారులకూ చోటిచ్చింది. వారెంట్ ఉంది. టైమ్ లేదనిపిస్తే కారణాలు రాసుకుని దర్యాప్తు అధికారే సోదా చేసే వీలూ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 185వ సెక్షన్ ప్రకారం ఆ సోదాను వీడియో తీయాలి, కారణాల కాపీని 48 గంటల్లోపు మెజిస్ట్రేట్‌కు పంపాలి. వీడియో నిజంగా మంచి మార్పు. కానీ సోదా చేయాలనుకున్న మనిషే కారణమూ రాసుకుంటాడు. రెండో బుర్ర ఆ కారణాన్ని చూసేసరికి ఇల్లు కెలకడం అయిపోతుంది. ఆ 48 గంటల పనిని ఒక ఫోన్ కాల్‌తో ముందుకు జరపడం ఈ రోజు కష్టమేమీ కాదు.

రాత్రి సోదాలకు ఇది మరీ అవసరం. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన ఖడక్ సింగ్ అనే మనిషి ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రుళ్లు వెళ్లి నిద్ర లేపేవాళ్లు. ఆ రాత్రి రాకలు చెల్లవని 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు. ఆ మాట అనడానికి 2017 దాకా, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం దాకా ఆగాల్సి వచ్చింది.

ముందు అనుమతి అంటే కొన్ని కేసులు చేజారతాయి. ఫోన్ కలిసేలోపు ఎక్కడో ఒక పొట్లం బాత్రూంలో కొట్టుకుపోతుంది. ఆ నష్టం ఉందని తెలిసే ఈ మాట అంటున్నాను. పొట్లం ఉన్నవాడు ఇంకోసారైనా దొరుకుతాడు. ఏమీ దొరకని ఇంట్లో, పోలీసులు చదివేసిన ఆ డైరీని మళ్లీ ఎవరూ చదవనట్టు చేయలేం.