తుంబురు కోన ముక్కోటి: తలకు 2,400 పోసి కొన్నది, అక్కడ ఉచితంగా దొరికేదే

తిరుమల అడవిలోని తుంబురు తీర్థంలో ఏటా ఒకసారి భక్తులు స్నానాలు చేసే పండుగే తుంబురు తీర్థ ముక్కోటి. దానికి పోవాలంటే ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ముందు ఈ మాట చెప్పాకే మిగతావి. మేం ఆరుగురం తలకు 2,400 లెక్కన 14,400 రూపాయలు ఒక ప్రైవేటు ట్రెక్కింగ్ నిర్వాహకుడి చేతిలో పోశాం. "పర్మిషన్, గైడు, భోజనం, లైఫ్ జాకెట్ అన్నీ ఇందులోనే" అన్నాడు. ముక్కోటి రోజున తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులందరినీ వదులుతుంది, వేరే పర్మిషన్ లేదు. ముందూ వెనకా జనమే కాబట్టి దారి తప్పే భయం లేదు. భోజనం, నడక మొదలయ్యే పాపవినాశనం దగ్గర శ్రీవారి సేవకులు పెట్టారు. ఇక మిగిలింది లైఫ్ జాకెట్లు. ఆరుగురికి నాలుగే తెచ్చాడు, అందులో రెండు పనికిరానివి. నీళ్లలో మనిషి ప్రాణం ఆధారపడే వస్తువు దగ్గర ఇలా చేయడం క్షమించరానిది.

ముక్కోటి పడేది మీన మాసంలో ఉత్తరఫల్గుణీ నక్షత్రంతో కలిసిన పౌర్ణమికి. మార్చిలో గానీ ఏప్రిల్ మొదటి సగంలో గానీ వస్తుంది. తేదీ, లోపలికి వదిలే గంటలు దేవస్థానం కొద్దిరోజుల ముందు ప్రకటిస్తుంది. ఆ గంటలు చూసుకోకుండా బయల్దేరితే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాలి. మిగతా రోజుల్లో ఆ అడవిలో కాలు పెట్టొద్దు. అది 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో భాగం. అన్నిటికీ మించి ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా కనబడితే కేసే. "మామూలు రోజుల్లో కూడా తీసుకుపోతాం, లోపల మనవాళ్లున్నారు" అని తిరుపతిలో చెప్పేవాళ్లు ఉన్నారు, నమ్మొద్దు.

తిరుపతిలో బస మామూలే. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం దేవస్థానానివే, దొరికితే అవే మేలు. మాకు దొరకలేదు. ప్రైవేటు లాడ్జిలో ఇద్దరు పడుకునే గది 1,300. రాత్రి ఎనిమిదికి దిగి తెల్లవారుజామున మూడున్నరకు తాళం ఇచ్చేశాం, ఆపాటి నిద్రకు అది చాలు.

అలిపిరి తనిఖీ దగ్గర ఒక సంగతి గుర్తుంచుకోండి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు నిషేధం ఉంది. ట్రెక్కుకని ఆరు లీటరు సీసాలు కొనుక్కొచ్చినవాళ్లు అక్కడే వదిలేయాలి. మనిషికి రెండు లీటర్లు పట్టే స్టీలు సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. తిరుమల నుంచి పాపవినాశనానికి ఆర్టీసీ బస్సులున్నాయి, రద్దీ రోజున సొంత బండి కంటే అవే సుఖం.

పాపవినాశనం డ్యామ్ నుంచి తీర్థానికి పోను ఏడు కిలోమీటర్లకు అటూ ఇటూ. సనకసనందన తీర్థం వైపు దారిలో ఎక్కుడూ దిగుడూ మార్చి మార్చి వస్తాయి. ఎండ ముదరకముందే, అంటే ఐదారు గంటలకే నడక మొదలుపెట్టినవాళ్లు హాయిగా పోయారు. తొమ్మిది తర్వాత ఎక్కినవాళ్లు రాళ్ల మీద కూలబడటం తిరుగుదారిలో చూశాం. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను రావొద్దని దేవస్థానం ఏటా చెబుతుంది. అది మాటవరసకు చెప్పేది కాదు, లోపల ఎవరికైనా నొప్పి వస్తే మోసుకురావాల్సింది ఈ దారిలోనే.

ఇక కోన. కొండను నిలువునా చీల్చినట్టు రెండు గోడలు, మధ్యలో నీళ్లు. పైకి చూస్తే ఆకాశం గుడ్డపేలికంత. ఉదయం ఎనిమిదైనా లోపల వెలుగు మసకే, ఎండ నీళ్ల మీద పడేది నడినెత్తికి వచ్చినప్పుడే. మొదట్లో మోకాలిలోతు, కొంచెం పోగానే నడుము. ఇరుకు మలుపు దగ్గర ఐదడుగుల ఆరంగుళాల మనిషికి గడ్డం కిందికి వచ్చింది. లోతు ఏటేటా మారుతుంది కాబట్టి పోయినేడు చూసొచ్చినవాళ్ల లెక్క పట్టుకుని దిగొద్దు.

ఇది బెలుం గుహల్లా సున్నపురాయి కరిగి ఏర్పడిన బిలం కాదు. శేషాచలం పైభాగం క్వార్ట్జైట్ అనే గట్టి రాయి. ఆ రాయి నీటికి కరగదు, పగుళ్ల వెంబడి పలకలు పలకలుగా విరిగి పడుతుంది. అందుకే గోడలు నిట్టనిలువు. అందుకే నీళ్ల అడుగున రాళ్లకు అంచులుంటాయి, రాతికీ రాతికీ మధ్య పాదం పట్టేంత సందులుంటాయి. అసలు ప్రమాదం లోతు కాదు, ఆ సందులే. పైనుంచి దూకితే కాలు సందులో దిగుతుంది, వెనకవాడు తోస్తే చీలమండ విరుగుతుంది. దూకకూడదు. కూర్చుని, రెండు చేతులూ బండకు ఆనించి, గోడకు ముఖం పెట్టి దిగాలి. ఐదున్నర అడుగుల వెదురుకర్రతో ముందు తడిమి, అడుగు దొరికాకే బరువు వేయాలి. పాదం ఎత్తి వేయకుండా నేలను రాస్తూ జరపాలి. చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ చెప్పుల్లేకుండా మా ముందు నడిచింది. "బండను తన్నొద్దు నాయినా, ఆనించు" అని మా వాళ్లకు చెప్పింది. అంతకంటే మంచి పాఠం నిర్వాహకుడి దగ్గర లేదు.

ఆ జాకెట్ల సంగతి వివరంగా చెప్పాలి. తీసుకునేటప్పుడే మూడు సంగతులు చూడండి. లేబుల్ మీద తేల్చే బలం ఎన్ని న్యూటన్లో ఉంటుంది. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకే, ఈత రానివాళ్లకు అంతకంటే ఎక్కువది కావాలి. లేబుల్ చిరిగిపోయి ఉంటే వద్దనండి. లోపలి ఫోమ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట అలాగే నిలిచిపోతే దాని పని అయిపోయినట్టే. మాకిచ్చిన ఒకదానికి వీపు వైపు ఫోమ్ అట్టలా గట్టిపడి పోయింది. మూడోది, తొడుక్కుని బకిల్స్ అన్నీ బిగించాక ఎవరినైనా భుజాల పట్టీలు పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవులదాకా లేచిందంటే నీళ్లలో తల మునిగి జాకెట్ పైకి తేలుతుంది. కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉంటే ఈ తిప్పలు ఉండవు. మా రెండోదానికి బకిల్ పళ్లు విరిగి, దారంతో కట్టి ఉంది. దాన్ని మా మరదలికి ఇవ్వబోతే నేనొద్దన్నాను. ఈత వచ్చిన ఇద్దరం జాకెట్లు లేకుండా, మిగతా నలుగురిలో ఇద్దరిద్దరు మంచి జాకెట్లు మార్చుకుంటూ దాటాల్సి వచ్చింది. ఇరుకు దగ్గర నలభై నిమిషాలు దీనికే పోయింది. తిరుపతిలో అద్దెకు రోజుకు 150కి మంచివి దొరికాయని తర్వాత తెలిసింది, ఆరుకూ కలిపి 900 అయ్యేది.

ఇరుకు చోట భద్రతా సిబ్బంది గోడ వెంబడి తాడు కట్టారు. తాడు మంచిదే, పట్టుకునే తీరే బాగాలేదు. ఒక కట్టు నుంచి ఇంకో కట్టు దాకా ఇద్దరికి మించి వేలాడకూడదు. పదిమంది పట్టుకుంటే ఒకడు జారగానే తాడు వదులై అందరినీ లాగుతుంది. మణికట్టుకు చుట్టుకోవద్దు, పిడికిటితోనే పట్టాలి. నడుముకు తాడు ముడేసుకుని నీళ్లలో దిగడం అన్నిటికంటే చెడ్డది. ఆ ముడి బిగుసుకుంటే విప్పుకోలేరు.

చెప్పులు, షూల గురించి మా బావ మొహం చూస్తే చాలు. ఐదేళ్లు అటక మీద పెట్టిన ఖరీదైన ట్రెక్కింగ్ షూ వేసుకొచ్చాడు. కోన చేరేసరికి ఒక షూ అడుగు అట్ట పూర్తిగా ఊడి నోరు తెరిచింది. వాడకుండా పెట్టినా గాలిలో తేమకు పాలీయూరెథేన్ అట్ట పొడిపొడి అవుతుంది. పైకి కొత్తగానే కనబడుతుంది, తడిసి నడిస్తే ఊడుతుంది. తిరుగుదారి ఏడు కిలోమీటర్లూ తాడుతో కట్టుకుని నడిచాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. 350 రూపాయల కాన్వాస్ షూ చాలు, నీళ్లు ఇట్టే కారిపోతాయి. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరదు. పంచె, చీర నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి, నైలాన్ ట్రాక్ ప్యాంటు మేలు. సెల్‌కు, మందులకు నీళ్లు దిగని సంచి, 20 లీటర్ల డ్రై బ్యాగు 650 పెట్టి కొన్నాం. దాని మూతి మూడు చుట్లు మడిచాకే క్లిప్ పెట్టాలి, రెండు చుట్లతో మా ఇంకో సంచిలో గ్లాసెడు నీళ్లు దిగాయి. తలకు కట్టుకునే టార్చి మీద నీళ్లను ఎంత తట్టుకుంటుందో తెలిపే గుర్తు ఉంటుంది, ఐపీఎక్స్4 అని ఉంటే అది చిలకరింపుకే. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది.

నీళ్ల చల్లదనాన్ని తక్కువగా చూడొద్దు. మార్చి ఎండలో ఏడు కిలోమీటర్లు నడిచొచ్చి చెమటతో దిగుతాం, పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. పళ్లు టకటకలాడుతున్నా, మాట తడబడుతున్నా ఆ మనిషిని వెంటనే ఎండ పడే బండ మీదికి తేవాలి. పొడి చొక్కా వేసి, చెనిక్కాయల ఉండ ఒకటి తినిపించాలి.

తిరుమలలో పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో వానకు ఘాట్ రోడ్డు మీద చరియలు విరిగిపడ్డాయి. ముక్కోటి ఎండాకాలం కదా అని మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. పైన ఎక్కడో ఒక వాన పడితే కోనలో ఉన్నవాళ్లకు ఆ మబ్బు కనబడదు. కనబడే గుర్తులు వేరే. తేటనీళ్లు ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం. వీటిలో ఏది కనబడినా సామాను వదిలేసి ఎత్తు బండ ఎక్కాలి. కోన వెంబడి కిందికి పరిగెత్తితే నీళ్లే ముందు అందుకుంటాయి.

తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పుకునే గవి (గుహ) కూడా ఈ కోనలోనే. అక్కడినుంచి ఆనందనిలయానికి సొరంగం ఉండేదని పెద్దవాళ్లు చెబుతారు. మా పిన్ని ఆ చీకట్లో దీపం వెలిగించి పది నిమిషాలు కూర్చుంది. అంతసేపూ ఎవరమూ తొందరపెట్టలేదు.

తిరిగి పాపవినాశనం చేరాక ఉప్మా, పొంగలి, పెరుగన్నం. మజ్జిగ మాత్రం మరిచిపోలేం. అల్లం, కరివేపాకు, పచ్చిమిరపకాయ నలిపి వేసినది, నాలుగు గ్లాసులు తాగాను. పోసే సేవకుడు ఐదో గ్లాసు తనే నింపాడు. బావ కూడా అక్కడే మొదటిసారి నోరు విప్పి "ఇంకొంచెం పోయండి" అన్నాడు.

కిందికొచ్చి డబ్బు అడిగితే నిర్వాహకుడు తలకు 300 వెనక్కిచ్చాడు. మాఘ పౌర్ణమికి కుమారధార ముక్కోటికి ఆరుగురమూ పోదామనుకున్నాం. జాకెట్ల అద్దె 900, కాన్వాస్ షూ ఒక్క బావకే 350, డ్రై బ్యాగు ఉంది, వెదురుకర్రలు ఉన్నాయి.