యుద్ధకాలపు నాణేల సెట్: కొనొచ్చు, కానీ అమెరికా సెంటు నాణెం మార్పించుకోండి

అబిడ్స్‌లో ఒక నాణేల దుకాణం అమ్ముతున్న ఈ సెట్‌లో ఆరు నాణేలున్నాయి. ఎంపిక చాలా బాగుంది. లోహం కరువైనప్పుడు టంకశాలలు ఎలా నెట్టుకొచ్చాయో ఆరింటినీ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

మన చిల్లు కానీ (1943) తూకం రెండు గ్రాములు. అంతకుముందు చిల్లు లేని కానీ, అంటే కాలణా, దాదాపు 4.8 గ్రాములుండేది. విలువ అదే, కంచు మాత్రం సగం కూడా లేదు. పావలాలో వెండి 91.7 శాతం నుంచి 50కి దిగింది, మిగతాది 40 రాగి, 5 నికెల్, 5 జింకు. అర్ధణా నికెల్ ఇత్తడిది, పసుపు రంగు తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. నిజాం కాలపు చిల్లున్న ‘రెండు పైలు’ నాణెం (పై అంటే అప్పటి చిన్న చిల్లర) మీద హిజ్రీ సంవత్సరం 1362 అని చీటీ రాశారు. అది భూతద్దంతో చూసుకోవాలి: ఉర్దూ అంకెల్లో 2కి పైన ఒక పల్లం, 3కి రెండు. అరిగిన నాణెంలో 1363ని 1362 అనుకోవడం మామూలే.

సెట్‌కి కళ తెచ్చేది బెల్జియం రెండు ఫ్రాంకులు (1944). అమెరికా 1943లో రాగిని తూటాల కోసం మిగిల్చి, జింకు పూత ఉక్కుతో సెంట్లు కొట్టింది. సెంట్ల కోసం కోసి, అచ్చు వేయకుండా మిగిలిన ఆ ఉక్కు బిళ్లల మీదే ఫిలడెల్ఫియా టంకశాల ఈ ఫ్రాంకులు అచ్చువేసింది. సెంటునూ దీన్నీ ఒకే పెట్టెలో ఇవ్వడం దుకాణంవాళ్ల మంచి ఆలోచన.

చిక్కంతా ఆ సెంటుతోనే. అద్దంలా మెరుస్తోంది, అంటే మళ్లీ పూత పూశారు. అసలు బిళ్లల్ని పూత వేసిన రేకులోంచి కోసేవారు కాబట్టి అంచు మీద జింకు ఉండదు, ఉక్కు బయటపడి ఉంటుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇందులో అంచు కూడా ముఖంలాగే మెరుస్తోంది, అక్షరాల మూలలు మెత్తబడ్డాయి. అయస్కాంతానికి అంటుకుంటుంది, 2.7 గ్రాములు తూగుతుంది, కాబట్టి ఆ రెండు పరీక్షలూ ఈ లోపాన్ని పట్టవు. అంచే చూడాలి. పూత పూసిందని చెప్పి అమ్మితే తప్పులేదు, చీటీ మీద ‘కొత్తది’ అని రాయడం తప్పు. మాసిపోయి బూడిదరంగులో ఉన్నదైనా సరే, అసలుదే అడగండి.

ఇచ్చిన కవర్లు మెత్తటి పీవీసీవి. కొన్నాళ్లకు కంచు మీద పచ్చటి జిగురు పేరుకుంటుంది. పేరుకుంటే అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా ఆరబెట్టాలి. చింతపండు జోలికి పోవద్దు: పులుపు పైపొరను తినేస్తుంది, నాణెం గులాబీ రంగుకు తిరిగి సగం విలువ పోతుంది. ఇంటికి తేగానే మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) కవర్లలోకి మార్చి, ఉక్కువి రెండూ వేరే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. వానాకాలంలో ఆ పొట్లాన్ని నెలకోసారైనా మార్చాలి.