తిరుపతికి మారాక స్టౌట్, సావర్ బీర్ల వేట: ఏది దొరికింది, ఏది దొరకలేదు

ముందే చెప్పేస్తాను. స్టౌట్ అనే నల్ల బీరు, సావర్ అనే పుల్లటి బీరు అంటే ఇష్టపడేవాళ్ళు తిరుపతికో చిత్తూరుకో మారితే, ఊళ్ళో తయారైన స్టౌట్ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. బెంగళూరు నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టాక రేణిగుంట రోడ్డు నుంచి చంద్రగిరి దాకా, అటు చిత్తూరు టౌన్లోనూ అడిగి అడిగి చూశాను. తాజాగా కాచిన నల్ల బీరు పోసే చోటు నాకు ఒక్కటీ కనబడలేదు. అయినా ఈ ప్రాంతానికి వచ్చి నష్టపోయానని అనుకోవడం లేదు. ఎందుకో చెప్తాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక జాగ్రత్త. తిరుమల కొండ మీద మద్యం, మాంసం, పొగాకు అన్నీ నిషేధం. అలిపిరి దగ్గర బండ్లను ఆపి తనిఖీ చేస్తారు. కింద కొన్న సీసా డిక్కీలో మర్చిపోయి కొండెక్కడం లాంటివి అస్సలు చేయకండి. చట్టం సంగతి అటుంచితే, ఈ ఊళ్ళో ఉంటూ ఆ మర్యాద పాటించడం మన బాధ్యత. రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక బ్రాందీ షాపుల సంగతి. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళపాటు రాష్ట్రంలో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ఆ రోజుల్లో తెలిసిన బ్రాండు కోసం వెతకడమే పెద్ద పని, ఇక స్టౌట్ మాట ఎవరు ఎత్తుతారు? 2024 అక్టోబరు 16 నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చాయి. పేరున్న బీర్లు ఫ్రిజ్‌లోకి తిరిగొచ్చాయి. అయితే వచ్చినవాటిలో ఎక్కువ భాగం స్ట్రాంగ్ లాగర్లే, అంటే అందరికీ తెలిసిన పసుపు బీర్లే. గోధుమ బీరు అప్పుడప్పుడూ కనబడుతుంది. అంతకుమించి వెతికితే కౌంటర్లో కుర్రాడు మన ముఖం వైపు చూస్తాడు.

ఒకసారి నల్ల బీరు ఉందా తమ్ముడూ అని అడిగితే, "నల్లదంటే బాగా ఎక్కుద్దా సార్?" అన్నాడు. చాలామందికి ఉన్న అనుమానమే అది. నలుపుకీ మత్తుకీ సంబంధం లేదు. బార్లీని మాడే దాకా వేయించి, మొత్తం గింజల్లో కొద్ది పాళ్ళు కలిపితే చాలు, బీరంతా నల్లబడుతుంది. డబ్లిన్‌లో 1759లో మొదలైన గిన్నిస్ కంపెనీ డ్రాట్ స్టౌట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. మన షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మే పసుపు బీర్లలో అది 8 శాతం దాకా ఉంటుంది. అంటే చూడ్డానికి భయపెట్టే గ్లాసే తేలిక. దీన్ని నేను ఇక్కడ ఎంతమందికి వివరించానో లెక్కలేదు. విన్నవాళ్ళలో కొందరు బెంగళూరు వెళ్ళినప్పుడు అడిగి తాగి, ఫోన్ చేసి మరీ బాగుందన్నారు. ఆ ఫోన్లు నాకు నిజంగా సంతోషం.

సరుకు ఎందుకు రాదో కూడా తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో షాపువాళ్ళు తమకు నచ్చిన కంపెనీ దగ్గర నేరుగా కొనలేరు. సరుకంతా ఆంధ్రప్రదేశ్ స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల నుంచే రావాలి. అక్కడికి రావాలంటే ఆ బ్రాండు, దాని లేబులు రాష్ట్రంలో నమోదు కావాలి. దానికి ఫీజులు కట్టాలి. చిన్న కంపెనీ ఏడాదికి కొన్ని పెట్టెలు అమ్ముకోవడానికి అంత ఖర్చు పెట్టదు. అందుకే పలమనేరు దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే దొరికే సీసా, ఇటువైపు దొరకదు. షాపువాణ్ణి తిట్టి లాభం లేదు.

దొరికిన సీసా అయినా బాగుంటుందా అంటే, అది వేరే కథ. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గోడౌన్లో, లారీలో, షాపు బయట ఎండలో పేర్చిన పెట్టెల్లో బీరు ఎంత వేడెక్కుతుందో ఊహించండి. వేడికి బీరు త్వరగా ముసలిదవుతుంది. ఊళ్ళో ఒక షాపులో ఎంతో ఆశగా కొన్న గోధుమ బీరు నోట్లో పోసుకుంటే తడిసిన అట్టపెట్టె వాసన తప్ప ఏమీ లేదు. లేబులు మీద తేదీ చూస్తే తయారై నెలలు గడిచిపోయాయి. అప్పట్నుంచి నాకు మూడు అలవాట్లయ్యాయి. తేదీ చదవందే డబ్బు తీయను. పై వరసలో ట్యూబులైటు కింద నిలబెట్టినవి వద్దని, లోపల ఫ్రిజ్‌లోవి తెమ్మంటాను. పచ్చ సీసా, తెల్ల సీసా కంటే గోధుమరంగు సీసానో, టిన్నో తీసుకుంటాను. వెలుతురు తగిలితే బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల్లోని చేదు పదార్థం విరిగి ఒక దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, టిన్ను పూర్తిగా ఆపుతుంది.

స్టౌట్ కోసం నేను వెళ్ళేది బెంగళూరే. తిరుపతి నుంచి 250 కిలోమీటర్ల దూరం. చిత్తూరువాళ్ళకు ఇంకా దగ్గర, 180 దాకా ఉంటుంది. పని ఉన్నప్పుడే సాయంత్రం కలిసొచ్చేలా చూసుకుంటాను. బస్సులోనో రైల్లోనో వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున బయల్దేరతాను. సొంత కారులో వెళ్ళి రాత్రే తిరిగొచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. అక్కడే బీరు కాచి పోసే బ్రూ పబ్బులు ఇవి: ఇందిరానగర్‌లో టాయిట్ 2010 నుంచి నడుస్తోంది, వైట్‌ఫీల్డ్ వైపు విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ ఉంది. రెండు చోట్లా స్టౌట్ తాగాను. నా ఓటు విండ్‌మిల్స్‌కే. వేయించిన గింజ చేదు, కాఫీ, కొద్దిగా చాక్లెట్ ఒకదాన్నొకటి తొక్కేయకుండా వస్తాయి.

నైట్రో స్టౌట్ అడిగితే ఒక నిమిషం ఆగి గ్లాసును చూడండి. మామూలు బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్. నైట్రోలో సుమారు 70 శాతానికి పైగా నైట్రోజన్ కలిపిన వాయువుతో పోస్తారు. నైట్రోజన్ ద్రవంలో అంత తేలిగ్గా కరగదు కాబట్టి బుడగలు చాలా చిన్నవిగా పుడతాయి. గ్లాసు అంచుల వెంట నురగ కిందికి జారుతున్నట్టు కనిపించి, మెల్లగా పైన మీగడలా నిలబడుతుంది. నాలుక మీద గుచ్చుకోదు. ఒక్క కోరిక మాత్రం వెయిటర్‌కు చెప్పండి: గ్లాసును ఐసులో పెట్టి తేవద్దని. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటేనే రుచి బయటపడుతుంది. మరీ చల్లగా ఉంటే నల్లనీళ్ళు తాగినట్టే.

సావర్ దగ్గరికొస్తే నాకు ఇంకా ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. పులుపుతో పెరిగిన నాలుక మనది. చింతపండు, పచ్చిమామిడి, గోంగూర, పచ్చిపులుసు లేని భోజనం మన ఇళ్ళలో ఊహించలేం. అలాంటిది బీరు పుల్లగా ఉంటుందంటే మాత్రం పాడైపోయిందంటారు. బెల్జియంలో బ్రస్సెల్స్ పక్కన సెన్ నది లోయలో లాంబిక్ అనే బీరు చేస్తారు. గింజల నుంచి తీసి మరిగించిన తియ్యటి రసాన్ని వెడల్పైన తొట్టెలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలో, ఆ పాత గదుల్లో ఉన్న, పులియబెట్టే ఈస్టులూ బ్యాక్టీరియా వాటంతట అవే చేరతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ లాంబిక్‌లను కలిపి సీసాలో పట్టిందే గూజ్. పుల్ల చెర్రీలు వేస్తే క్రీక్.

జర్మనీ గోజా బీరులో పులుపుతో పాటు ఉప్పు, ధనియాలు ఉంటాయి. ధనియాల బీరు అంటే ఇక్కడివాళ్ళు నవ్వుతారు. ఒక్క గుక్క తాగాక నవ్వు ఆపి ఇంకోసారి పోయమంటారు. ఇప్పుడు మన దేశపు బ్రూ పబ్బులు చేసేవి చాలావరకు త్వరగా పులిసే రకం. లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను వెచ్చటి రసంలో ఒకటి రెండు రోజులు పనిచేయించి, కావలసిన పులుపు రాగానే మరిగించి దాన్ని చంపేసి, తర్వాత ఈస్టు వేస్తారు. ఈ పద్ధతిలో పులుపు శుభ్రంగా, సూటిగా వస్తుంది. లాంబిక్‌లో ఉండే పాత చెక్క వాసన, లోతు రావు. అయినా పండు కలిపినప్పుడు చాలా బాగుంటుంది. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి విరివిగా పండుతుంది. గుజ్జు ఫ్యాక్టరీలు కూడా ఇక్కడే ఉన్నాయి. ఆ గుజ్జుతో, కాస్త ఉప్పుతో ఎవరైనా ఒక సావర్ కాస్తే మొదటి గ్లాసు కోసం వరసలో నేనే ముందుంటాను. తోతాపురిలో తీపి మితంగా ఉండి పులుపు నిలుస్తుంది, సావర్‌కు కావలసింది అదే.

ఇలా వెతుకుతుంటేనే మన ఊరి పుల్లటి పానీయం ఎదురైంది. పుంగనూరు వైపు తెలిసినాయన ఒకరు తెల్లవారుజామున ఈతతోపుకు తీసుకెళ్ళారు. చెట్టు మీంచి అప్పుడే దించిన కల్లు తియ్యగా, కొంచెం గింజ పాల వాసనతో ఉంది. ఎండెక్కే కొద్దీ అదే కుండలోది పులిసింది, మధ్యాహ్నానికి నాలుక ఝుమ్మంది. దానికి ఎవరూ ఈస్టు వేయరు. గీత పడ్డ చోటా, కుండ గోడల్లోనూ ఉన్న సూక్ష్మజీవులే పని మొదలుపెడతాయి. లాంబిక్ తొట్టెలో రాత్రి జరిగేదీ ఇలాంటిదే, కాకపోతే అక్కడ ఏళ్ళు పట్టేది ఇక్కడ పూటలో అయిపోతుంది. "పది దాటితే మీ ఇష్టం సామీ, పులుపు మీకు నచ్చుతాదో లేదో" అన్నాడాయన. నచ్చింది. పొద్దున తొమ్మిది, పది మధ్య తీపీ పులుపూ సమానంగా ఉన్న ఆ కాసేపు నాకు బాగా ఇష్టం.

అయితే కల్లు చెట్టు దగ్గరే, గీసే మనిషి చేతి నుంచే తీసుకోండి. కల్లులో క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి జనం ప్రాణాల మీదికి తెచ్చిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. తెలియని దుకాణంలో తాగడం నా దృష్టిలో ప్రమాదమే.

మందు లేని రోజుల కోసం ఇంట్లో రెండు చేసుకుంటున్నాను. తరవాణి కుండ ఒకటి పెట్టాను. అన్నం గంజి పులిసి, కరివేపాకు, ఉప్పు, పచ్చిమిరపకాయతో ఎండాకాలం సావర్ కోరికను చాలావరకు తీరుస్తుంది. రెండోది రాగులు మొలకెత్తించి ఆరబెట్టి, మామూలుకన్నా ముదురుగా వేయించి, పిండి పట్టించి కాచే జావ. స్టౌట్ కాదు గానీ ఆ వేయించిన చేదు, కమ్మదనం ఉన్నాయి. ఇంట్లో బీరు కాచే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, లైసెన్సు లేకుండా అది నేరం.

ఇంకో విషయం. బెంగళూరులో నచ్చిన సీసాలు బ్యాగులో వేసుకుని రాష్ట్ర సరిహద్దు దాటించొద్దు. చెక్‌పోస్టులో పట్టుబడితే బీరుతో పాటు రోజు, పరువు కూడా పోతాయి. దానికి బదులు ఊళ్ళోనే ఒక పద్ధతి నాకు పనిచేసింది. ఇష్టమున్న నలుగురైదుగురం కలిసి, రాష్ట్రంలో నమోదైన గోధుమ బీరో ఇంకో కొత్త రకమో ఏదో ఒక పేరు పట్టుకుని, షాపు యజమానితో మాట్లాడాం. తెప్పిస్తే పెట్టె మొత్తం మేమే కొంటామని మాటిచ్చాం. ఒక్కరి దగ్గర ఉంచుకోవడానికి పరిమితి ఉంది కాబట్టి పంచుకుని బిల్లులు వేయించుకున్నాం. అమ్ముడవదన్న భయం పోయాక ఆయన డిపోలో ఇండెంట్ పెట్టాడు. కొత్త స్టాకు రాగానే "అన్నా, తేదీ చూసే పెట్టాను, రండి" అని ఆయనే ఫోన్ చేస్తున్నాడు. స్టౌట్ ఏదైనా లేబుల్ నమోదు చేయించుకుని మన డిపోకు వస్తే ముందు తెలిసేది ఆయనకే, అందుకే నెలకోసారి పోయి అడిగి వస్తున్నాను.