కల్లు చెట్టు కింద, బీరు పీపా పక్కన: బాంబెర్గ్‌లో రెండు రాత్రులు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో సూపర్‌మార్కెట్ నుంచి ష్లెంకర్లా మెర్ట్సెన్ అనే పొగ బీరు సీసా ఒకటి తెచ్చుకున్నాను. మూత తీయగానే నిప్పుల మీద ఉప్పుచేప కాలుతున్న వాసన వచ్చింది. రెండు గుక్కలు తాగి మిగతాది సింకులో పారబోశాను. తాగిన ప్రతి బీరుకూ మార్కులు రాసుకునే నోటుబుక్కు ఒకటి నా దగ్గరుంది. అందులో దీనికి పదికి మూడు వేశాను. మొన్న అక్టోబరులో ఆ మూడు కొట్టేసి పక్కన తొమ్మిది రాశాను. బీరు అదే. ఈసారి అది పుట్టిన ఊళ్లో, పీపా పక్కన కూర్చుని తాగాను.

రొయ్యల ఎగుమతి పని మీద కొలోన్‌కి వచ్చిన మా బావ, తిరిగి వెళ్లేముందు నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఆయనది అమలాపురం దగ్గర ఊరు. "మ్యూజియాలు వద్దు బావా, ఇక్కడి జనం ఏం తింటారో ఏం తాగుతారో అది చూపించు" అన్నారు. అందుకు బాంబెర్గ్ కన్నా మంచి ఊరు నాకు తెలియదు. ఎనభై వేల లోపు జనాభా ఉన్న ఈ ఊళ్లో పదికి అటూ ఇటూగా బ్రూవరీలున్నాయి. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన పాత ఊరంతా కాలినడకన తిరగొచ్చు.

నాకు దేశమంతా లోకల్ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. బావకి బవేరియా రాష్ట్రంలో ఒక రోజంతా చెల్లే బయర్న్ టికెట్ తీసుకున్నాం. అది మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది దాటాకే చెల్లుతుంది. కొన్ని బ్రూవరీ హోటళ్లు శని, ఆదివారాల్లో మధ్యాహ్నానికే మూసేస్తాయి. అందుకే సెలవు పెట్టి గురువారం బయల్దేరాం. మీరూ వెళ్లేముందు ఒక్కో చోటి వేళలు చూసుకోండి. ఒకే రోజు అన్నీ తెరిచి ఉండకపోవచ్చు.

మొదటి రాత్రికి ఆన్‌లైన్‌లో ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. ఫొటోల్లో బాగుంది, రేటూ తక్కువే. తీరా వెళ్తే గోడకున్న తాళంచెవి పెట్టె వాళ్లిచ్చిన నంబరుకి తెరుచుకోలేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. చలిలో గంటంబావు నిలబడ్డాం. చివరికి కొత్త నంబరు మెసేజ్ వచ్చింది, క్షమాపణ రాలేదు. గది శుభ్రంగానే ఉంది గానీ, పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు ఇలా వీధిలో నిలబెట్టాల్సి రావడం నాకు చాలా బాధ అనిపించింది. బసకి నాలుగు మార్కులు. బాంబెర్గ్‌లో మనిషి కనబడి తాళంచెవి చేతికిచ్చే బసలు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

సాయంత్రం ఆరింటికి డొమినికానర్ వీధిలో ష్లెంకర్లా బ్రూవరీ హోటల్‌కి వెళ్లాం. ఈ ఇంటి ప్రస్తావన 1405 నాటి రికార్డుల్లోనే ఉంది. లోపల నల్లబడిన దూలాలు, పొడవాటి చెక్క బల్లలు. ఖాళీ బల్ల కోసం చూడకూడదు. ఎవరో కూర్చున్న బల్ల దగ్గరకెళ్లి "ఇక్కడ ఖాళీయేనా" అని అడిగి కూర్చోవాలి. రోజూ వచ్చేవాళ్లకి కేటాయించిన బల్ల మీద మాత్రం గుర్తు ఉంటుంది, దాని జోలికి వెళ్లకూడదు. మాతో కూర్చున్న ముసలి దంపతులు మాకు మెనూ చదివి వివరించి చెప్పారు.

ఇక్కడి పొగ వాసన వెనక పెద్ద కథేమీ లేదు. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్ అవుతుంది. ఒకప్పుడు ఎక్కడైనా దాన్ని కట్టెల మంట మీదే ఆరబెట్టేవారు కాబట్టి బీరుకి ఎంతో కొంత పొగ పట్టేది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పొగ రాని కోక్ బొగ్గు వాడటం మొదలైంది. తర్వాత తర్వాత పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలొచ్చాయి. దాదాపు అన్ని ఊళ్లూ పొగని వదిలేశాయి. బాంబెర్గ్‌లో ష్లెంకర్లా, స్పెత్సియాల్ అనే రెండు ఇళ్లు మాత్రం ఇప్పటికీ సొంతంగా బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద మాల్ట్ ఆరబెడుతున్నాయి. అంటే ఇక్కడ మన చేతికొచ్చేది పాతకాలపు మామూలు బీరే.

మెర్ట్సెన్ అర లీటరు గ్లాసు వచ్చింది. ఇక్కడివాళ్లు అర లీటరుని సైడ్లా అంటారు. చెక్క పీపా నుంచి, గ్యాసు ఒత్తిడి లేకుండా దానంతట అదే కిందికి దిగిన బీరు. రంగు చిక్కటి డికాక్షన్, నురగ లేత గోధుమ రంగు. బావ వాసన చూసి, ఒక గుక్క తాగి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తంపటేసిన తేగలు" అన్నారు. నిజమే! మట్టికుండలో కాల్చిన తేగ ఒలుస్తుంటే వచ్చే వాసన, ఆ పీచులోని తీపి, చివర్లో చిరుచేదు. నాకు ఉప్పుచేప తట్టిన చోట ఆయనకి తేగ తట్టింది. ఆ మాట విన్నాక నాకూ చేప కనబడటం మానేసింది.

ఈ బీరు మొదటి గుక్కకి వింతగా అనిపించినా ఆపొద్దని వాళ్ల బీరు అట్టల మీదే అచ్చేసి ఉంటుంది. అది వ్యాపారం కోసం రాసిన మాట అనుకున్నాను గానీ అక్షరాలా నిజం. మొదటి గ్లాసు సగానికి వచ్చేసరికి ముక్కు పొగకి అలవాటు పడుతుంది. అప్పుడు వెనక నుంచి మాల్ట్ తీపి, రొట్టె అంచు రుచి, నాలుకని శుభ్రం చేసే చేదు ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఇంట్లో నేను రెండు గుక్కలకే తీర్పు చెప్పేశాను. పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డకట్టే చల్లదనంలో, నంజుకోవడానికి ఏమీ లేకుండా. ఆ చలికి నాలుక మొద్దుబారి తీపి తెలియదు, పొగ ఒక్కటే మిగులుతుంది.

ఆ రాత్రి బల్ల దగ్గరే మేమొక నియమం పెట్టుకున్నాం: సగం గ్లాసు దాటేవరకు పెన్ను తీయకూడదు. ఇంకో నియమం నాకు ముందునుంచీ ఉంది. ఒక రకాన్ని ఇంకో రకంతో పోల్చి మార్కులు వేయకూడదు. ఫోన్లలోని బీరు యాప్‌లలో ఇదే జరుగుతోంది. ఎనిమిది, పది శాతం ఆల్కహాల్ ఉన్న చిక్కటి బీర్లకి నాలుగున్నర నక్షత్రాలు, శుభ్రంగా కాచి, చల్లగా పులియబెట్టిన లాగర్ బీరుకి మూడు. పెసరట్టునీ పూతరేకునీ పక్కపక్కన పెట్టి తీపి తక్కువని పెసరట్టుకి మార్కులు కోసినట్టు ఉంటుంది. పిల్స్ అనే చేదు లాగర్‌ని పిల్స్‌గా చూడాలి.

అక్టోబరు కాబట్టి ఉర్బాక్ కూడా దొరికింది. అదీ పొగ బీరే, ఇంకా బలమైనది. మెర్ట్సెన్‌కి తొమ్మిది, ఉర్బాక్‌కి ఎనిమిదిన్నర వేశాను. ఉర్బాక్ ఒక గ్లాసుకి అద్భుతం, రెండోది కావాలనిపించదు. వాళ్ల హెల్లెస్ అనే లేత రంగు లాగర్‌ని కూడా కొంచెం రుచి చూశాం. అందులో పొగబెట్టిన మాల్ట్ వేయరు. అయినా అవే పాత్రలు, అదే ఈస్ట్ కాబట్టి సన్నగా పొగ తగులుతుంది. నిన్న చేపల పులుసు కాచిన గిన్నెలో ఇవాళ పప్పుచారు పెట్టినట్టని బావ అన్నారు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే.

శుక్రవారం ఉదయం వుండర్‌బుర్గ్ అనే పేటకి నడిచాం. అక్కడ మార్స్ బ్రాయ్, కీస్మాన్ అనే రెండు బ్రూవరీలు వీధికి అటూ ఇటూ ఉంటాయి. మార్స్‌లో "ఆ ఊ" అని అడిగితే చాలు, ఉంగెష్పుండెట్ తెచ్చిపెడతారు. పీపాకి బిరడా బిగించకుండా పులియనిచ్చిన బీరు అని అర్థం. గ్యాసు బయటికి పోతుంది కాబట్టి బుడగలు తక్కువ, కొంచెం మబ్బుగా, మెత్తగా ఉంటుంది.

దీన్ని బావ వెంటనే పట్టేశారు. "ఇది పొద్దుటి కల్లు బావా" అన్నారు. తాటికల్లు తెల్లవారుజామున దించితే తియ్యగా ఉంటుంది, పూట గడిచేకొద్దీ పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఘాటుగా మారుతుంది. గాలిలోని ఈస్టే ఆ పని చేస్తుంది. కల్లు గురించి తెలిసినవాడు చెట్టు దగ్గరకే వెళ్తాడు, ఊళ్లోకి తెచ్చేదాకా ఆగడు. ఈ బిరడా లేని బీరుదీ అదే తత్వం, పీపా నుంచి గ్లాసుకి, గ్లాసు నుంచి నోటికి. హైదరాబాదులో మంచి మైక్రోబ్రూవరీలు వెతికే మా స్నేహితులకి నేనెప్పుడూ చెప్పేది ఇదే: ఏ రకం బాగుంటుందని కాదు, ఏ పీపా ఇవాళ తెరిచారని అడగండి. ఆ ఊకి తొమ్మిది. ఈ రెండు రోజుల్లో రెండో గ్లాసు తాగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకున్న బీరు ఇదొక్కటే.

కీస్మాన్ హెరెన్ పిల్స్ ఎనిమిది. లేత మెంతికూర చేదు, వెంటనే శుభ్రంగా ముగుస్తుంది. ఎండాకాలంలో అయితే ఇంకో అర మార్కు వేసేవాణ్ణి.

తిండి విషయంలో టెన్షన్ ఉంది. బాంబెర్గ్ ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతపు వంటలో పంది మాంసమే ఎక్కువ. పేరున్న బాంబెర్గ్ ఉల్లిపాయ వంటకం కూడా మాంసం కూరి బీరు సాస్‌తో ఇచ్చేదే. బావ పందీ గొడ్డూ ముట్టరు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ కార్ప్ చేపల కాలం కావడం మా అదృష్టం. చేపని తలనుంచి తోకదాకా నిలువుగా రెండుగా చీల్చి, సగాన్ని నూనెలో కరకరా వేయించి ఇస్తారు. బావ తోక దగ్గరి ముక్క విరిచి చూసి "బంగారుతీగ!" అన్నారు. మన చెరువుల్లో పెంచే అదే చేప. కారం లేదని ఆయనకి లోటుగా అనిపించినా, వేపుడు చేయడం వచ్చినవాళ్లు చేశారని ఒప్పుకున్నారు. చేపలు తిననివాళ్లకి ఒబాట్స్‌డా అనే మసాలా చీజు, రొట్టె దాదాపు అంతటా దొరుకుతాయి. కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, జేబులో యాభై యూరోలు నగదు ఉంచుకోండి.

మధ్యాహ్నం చేసిన ఒకే ఒక పొరపాటు, పర్యాటకుల దారిలో కనబడిన ఒక చోట ఐదు చిన్న గ్లాసుల రుచి పలక తీసుకోవడం. గ్లాసుల నుంచి సబ్బు వాసన. ఐదూ ఒకేసారి పోసి తెచ్చేసరికి మూడోదానికి నురగ చచ్చింది, ఐదోది వెచ్చబడింది. ఐపీఏ అనే హాప్స్ ఘాటు బీరు బాగానే కాచినట్టున్నారు, మామిడి తొక్క వాసన వచ్చింది, కానీ సగం గ్లాసు నియమం పెట్టుకున్నవాళ్లకి వంద మిల్లీలీటర్లలో ఏం తెలుస్తుంది? పండ్ల పులుపు బీరు జ్యూసులా ఉంది. ఐదు మార్కులు వేశాను గానీ అవి బీరుకో, వడ్డించిన తీరుకో చెప్పలేను. రుచి పలక తీసుకుంటే తేలికది ముందు, బలమైనది చివర తాగండి. వీలైతే రెండు విడతలుగా తెమ్మనండి.

సాయంత్రం స్టెఫాన్స్‌బెర్గ్ గుట్ట ఎక్కి స్పెత్సియాల్ కెల్లర్‌కి వెళ్లాం. కెల్లర్ అంటే నేలమాళిగ. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో బీరు చల్లగా ఉండటానికి ఈ గుట్టలోని ఇసుకరాతిలో సొరంగాలు తవ్వారు. పైన నేల వేడెక్కకుండా చెట్లు నాటారు, ఆ నీడలో బల్లలు వేశారు. అందుకే ఇక్కడివాళ్లు కెల్లర్ లోపలికి వెళ్దాం అనరు, కెల్లర్ మీదికి వెళ్దాం అంటారు. ఆ రోజు ఎండ కాసింది. ఎదురుగా కెథెడ్రల్ నాలుగు గోపురాలు, కింద ఎర్ర పెంకుల కప్పులు. పిల్లలు పరిగెడుతున్నారు, అమ్మమ్మలు అల్లుకుంటున్నారు. ఎవరూ గ్లాసులు లెక్కపెట్టే తొందరలో లేరు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనూళ్లో తాగుడంటే తలుపేసుకుని చేసే పని అయిపోయింది బావా" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇంట్లోవాళ్లు పక్కనుంటే మనిషి ఒక గ్లాసుని గంటసేపు తాగుతాడు.

రెండో రాత్రి బస ఒబెరె క్యోనిగ్ వీధిలో, 1536 నాటి స్పెత్సియాల్ బ్రూవరీ పైన ఉన్న గదుల్లో. గది చిన్నది, మంచాలు సాదా, మెట్లు చప్పుడు చేస్తాయి. కానీ కింద కౌంటరు దగ్గరి ఆవిడ నవ్వుతూ తాళంచెవి చేతికిచ్చి, ఉదయం టిఫిన్ ఎన్నింటికని అడిగారు. అంతకు ముందు రాత్రి తర్వాత అది మాకెంత ఊరటో చెప్పలేను. బసకి తొమ్మిది. వాళ్ల పొగ లాగర్ ష్లెంకర్లా కన్నా చాలా నెమ్మది. పొయ్యి ఆరిపోయాక వంటింట్లో మిగిలే వాసనంత పొగ. పొగ బీరు కొత్తగా తాగేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఎనిమిదిన్నర.

ఎదురు వరసలోనే 1649 నాటి ఫెస్లా ఉంది, అక్కడా గదులున్నాయి. అక్కడ ఆరు శాతం ఆల్కహాల్ ఉన్న త్స్వెర్గ్లా తాగాం. వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం ముదురుపాకం. ఏడున్నర. రాత్రి చివరి బీరుకి ష్నిట్ అని అడగండి. గ్లాసు నిండా కాకుండా, ఎక్కువ నురగతో గబుక్కున పోసి ఇస్తారు. ఇంటికెళ్లే ముందు తాగే కొసరు అన్నమాట.

శనివారం పొద్దున రైలుకి ముందు బావ నా నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. మార్స్ ఊ పక్కన నేను వేసిన తొమ్మిదిని కొట్టేయకుండా, కింద తన చేత్తో ఇంకో వరస రాశారు: "పోతుతాడి కల్లు, ఉదయం ఆరు గంటలు". మార్కుల చోటు ఖాళీగా వదిలారు. మార్చిలో ఊరొస్తే చెట్టు దగ్గరకు తీసుకెళ్తానని, పుస్తకం మర్చిపోకుండా తెమ్మని చెప్పారు. మార్చి రెండో వారానికి టికెట్ తీసుకున్నాను.