శివారు కాలనీల బాగుకు ఏది మేలు: అధికారుల ప్రణాళికా, కాలనీ సంఘమా, ఏరియా సభా?

2007లో 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు ఎల్బీ నగర్, ఉప్పల్, కాప్రా, కుత్బుల్లాపూర్ వంటి శివార్లు నగరంలో భాగమయ్యాయి. అయినా పంచాయతీ లేఅవుట్ల నాటి ఇరుకు రోడ్లు, చాలీచాలని మురుగు పైపులు, కబ్జాకు గురైన పార్కు స్థలాలు చాలాచోట్ల అలాగే మిగిలాయి. వీటిని చక్కదిద్దే పనిలో అక్కడ నివసించేవారి మాట ఏ దారిన చేరాలన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది అధికారుల దారి. ఇంజినీర్లు పటం గీస్తారు, ఎస్టిమేటు వేస్తారు, మాస్టర్ ప్లాన్ అయితే ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరుతారు. ఒక చెరువు నుంచి మరో చెరువుకు నీరు పారే వాలును మొత్తంగా చూడగల నైపుణ్యం వీరికే ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. కాని గీత గీసేశాక అడిగే అభిప్రాయానికి ఆ గీతను మార్చే బలం తక్కువ. పైగా సర్వే నంబర్లతో నిండిన పటాన్ని చదివి, గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పగలిగేది కొద్దిమందే.

కాలనీ సంక్షేమ సంఘానికి తన వీధులు క్షుణ్ణంగా తెలుసు. ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగుతుందో చెప్పగలదు, చందాలు వసూలు చేసి పార్కును నిలుపుకోగలదు. అయితే చాలా సంఘాల్లో సభ్యత్వం ఇంటి యజమానులది. అద్దెకుండేవారు, పక్క బస్తీవారు అందులో కనిపించరు. అంతకంటే పెద్ద ఇబ్బంది సరిహద్దుది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసిన ఆ విపత్తులో సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఆ చెరువుకు ఎగువన ఉన్న మీర్‌పేట చెరువులు అప్పటికి వేరే పురపాలక పరిధిలోవి. నాలా ఏ కాలనీ ప్రహరీ దగ్గరా ఆగదు. ఒక కాలనీ తన రోడ్డును ఎత్తు చేయించుకుంటే ఆ నీరు పక్క కాలనీ ఇళ్లలోకి చేరుతుంది, ఆ రెండు సంఘాలు మాట్లాడుకోవడానికి మాత్రం ఏ వేదికా ఉండదు.

ఆ వేదికకు చట్టంలో పునాది ఉంది. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 243-ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక సంఘాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. 2005లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నగరాభివృద్ధి పథకం జెఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఇంకొంచెం కిందికి వెళ్లి, పోలింగ్ బూత్ స్థాయిలో ఓటర్లందరూ కూర్చునే ఏరియా సభల కోసం చట్టం చేయమని రాష్ట్రాలను కోరింది. ఓటరు జాబితాయే సభ్యత్వం కావడం వల్ల యజమానికీ, అద్దెదారుకూ, బస్తీలోని మహిళకూ ఒకే హోదా దక్కుతుంది. దీని బలహీనత నిధుల దగ్గర ఉంది. ఖర్చుపై అధికారం లేని సభకు రెండోసారి ఎవరూ రారు. కేరళ 1996లో ప్రజా ప్రణాళికను ప్రారంభించినప్పుడు ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించింది, అందుకే అక్కడి సభల్లో చర్చకు విలువ వచ్చింది. 1990లలో బస్తీలకు నీరు, మురుగు పైపుల వంటి సదుపాయాలు కల్పించిన అహ్మదాబాద్ 'పరివర్తన్' పథకంలో బస్తీలోని ఒక్కో కుటుంబం 2,000 రూపాయలు వేసుకుంది. పదేళ్లపాటు ఖాళీ చేయించబోమని నగరపాలక సంస్థ హామీ ఇచ్చింది కాబట్టే పేదలు ఆ సొమ్ము పెట్టడానికి ముందుకొచ్చారని నా అభిప్రాయం.

నేను ఏరియా సభ వైపే మొగ్గుతాను, అయితే ఎస్టిమేటు తయారు కాకముందే సభ జరగాలి, వార్డుకు కేటాయించిన నిధుల్లో కొంత భాగంపై దాని తీర్మానమే చెల్లాలి. నాలా, చెరువుల పనులకు మాత్రం ఒకే వాలులో ఉన్న సభల ప్రతినిధులు ఇంజినీర్లతో కలిసి కూర్చోవాలి. పని పూర్తయ్యాక పార్కులను, వీధి దీపాలను కనిపెట్టి చూసుకునే బాధ్యతను కాలనీ సంఘాలకు అప్పగించవచ్చు, ఆ పని వారికంటే బాగా చేసేవారు లేరు.