అట్లాంటా ఇంటికి ఏ అజేలియా మేలు: ఫార్మోసానా, ఎన్‌కోరా, అడవి రకమా?

కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది ఏప్రిల్‌లో ఎవరింటి ముందో ఆకు కనపడకుండా పూసిన అజేలియా చూసి, ఆ వారంలోనే నర్సరీకి వెళ్లి నచ్చిన రంగు తెచ్చేసుకుంటారు. ఈ పూలపొదను రంగు చూసి కాదు, చోటు చూసి కొనాలి. మీ ఇంటి దగ్గర ఎండ ఎటునుంచి, ఎన్ని గంటలు పడుతుందో గమనించండి, సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

ఫార్మోసా పాతకాలపు దక్షిణాది రకం, ముదురు గులాబీ-ఊదా పూలు, ఏటా వసంతంలో ఒక్కసారే పూస్తుంది కానీ ఆ రెండు మూడు వారాలూ దానికి సాటి లేదు. ఎనిమిది నుంచి పది అడుగులు పెరుగుతుంది, అంతే వెడల్పూ అవుతుంది. దాన్ని కిటికీ కింద నాటి, ఏటా అక్టోబరులో చక్కగా కత్తిరించి, పూలు రావట్లేదని బాధపడేవాళ్లు ఎందరో. వచ్చే ఏటి మొగ్గలు వేసవిలోనే కడతాయి, కాబట్టి పూలు రాలిన వెంటనే, జూలై లోపే కత్తిరించాలి. పెద్ద పైన్ చెట్ల కింద, చెదిరిన నీడలో, చోటు బాగా ఉంటేనే దీన్ని పెట్టండి. ఉత్తరాన కమ్మింగ్ దాటితే చలికి మొగ్గలు మాడే భయం కూడా ఉంది.

ఎన్‌కోర్ లూసియానాలో పుట్టిన సంకరం. వసంతంలో పూసి, వేసవి చివర నుంచి శరదృతువు దాకా మళ్లీ పూస్తుంది, దసరా, దీపావళికి ఇంటి ముందు పూలుంటాయంటే ఎవరికి ఇష్టం ఉండదు! కానీ రోజుకి నాలుగైదు గంటల ఎండ కావాలి, నీడలో పెడితే ఆ రెండో పూత రాదు. మరి ఎండలో పెడితే లేస్ బగ్ అనే చిన్న పురుగు వస్తుంది, ఇదే అసలు చిక్కు. ఆకు పైన సూదితో గుచ్చినట్టు తెల్లటి చుక్కలు, కింద నల్లటి తారు బొట్లు కనిపిస్తే అదే. ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది పురుగు కాదు, ఇనుము అందట్లేదు. ఈ రెండింటినీ కలిపేసి ఏదో ఒక మందు కొట్టకండి. పురుగుకైతే వసంతంలో పిల్ల పురుగులు బయటికి రాగానే ఇన్‌సెక్టిసైడల్ సోప్ (పురుగుల్ని చంపే సబ్బు ద్రావణం), ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. పసుపుకైతే ముందు మట్టి పరీక్ష (మీ కౌంటీ వ్యవసాయ సలహా కేంద్రం, అంటే ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో చేయిస్తారు), పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 6 మధ్య ఉండాలి, అది పెరిగితే వేరుకి ఇనుము అందదు. పునాది కాంక్రీటు నుంచి దిగే సున్నం, లాన్ వాళ్లు చల్లే సున్నం రెండూ దాన్ని పెంచేస్తాయి. ఐరన్ కీలేట్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము) ఆకుని త్వరగా పచ్చగా చేస్తుంది, కొన్నాళ్లే. పీహెచ్ తగ్గించి మట్టిని మార్చేది గంధకం, నెమ్మదిగా.

నా ఓటు మాత్రం ఇక్కడి అడవి రకాలకే. పీడ్మాంట్ అజేలియా ఆకులు రాకముందే లేత గులాబీ పూలతో, మంచి వాసనతో పూస్తుంది. ప్లమ్‌లీఫ్ అయితే జార్జియా, అలబామా సరిహద్దు మొక్క, జూలై, ఆగస్టు ఎండల్లో నారింజ-ఎరుపు పూలు, జార్జియాలోని కాలవే గార్డెన్స్ తోటలో చూస్తే వదలబుద్ధి కాదు. లేస్ బగ్ వీటి జోలికి తక్కువగానే వస్తుంది. చలికాలంలో ఆకు రాలిపోతుంది, చచ్చిపోయిందనుకుని పీకేయకండి. ఇంటి ముందు ఏడాదంతా పచ్చదనం కావాలంటే ఇది నప్పదు, తూర్పు వైపు ఎన్‌కోర్ పెట్టుకోండి, పెరట్లో చెట్ల కింద ఇవి. పడమటి మండుటెండ ఏ అజేలియాకీ మంచిది కాదు.

ఎర్రమట్టిలో అన్నింటికీ ఒకే ముప్పు, వేరుకుళ్లు. నేల తడిగా ఉన్నా మొక్క వాడిపోతోందంటే వేరు కుళ్లుతోందని అనుమానించాలి, అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే అయిపోయినట్టే, దానికి మందు లేదు. అందుకే వేరుముద్ద నేలకంటే కాస్త ఎత్తుగా ఉండేలా నాటి, చుట్టూ పైన్ స్ట్రా (ఎండిన పైన్ ఆకులు) రెండు మూడు అంగుళాలు, కాండానికి తగలకుండా పరవండి.

ఇంకొకటి, ఆకూ పువ్వూ రెండూ విషమే. దేవుడి పటానికి పెట్టుకోండి, ప్రసాదం దగ్గర, చిన్నపిల్లల చేతికి, కుక్కకి అందేలా మాత్రం వద్దు.