ముప్పై డాలర్లలోపు బర్బన్: ఏది మేలు?

అమెరికాలో ఏ లిక్కర్ షాపుకి వెళ్లినా బర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) ఒక్కదానికే ఒక గోడంతా ఉంటుంది. 15 డాలర్ల సీసా దగ్గర మొదలై, తాళం వేసిన అద్దాల బీరువాలో వందల డాలర్ల సీసాల దాకా పోతుంది. మనవాళ్లు చాలామంది ఆ గోడ ముందు కాసేపు నిలబడి, తెలిసిన పేరు కదా అని బ్లాక్ లేబులో జాక్ డేనియల్సో పట్టుకొచ్చేస్తారు. అవి చెడ్డవని కాదు. ఆ డబ్బుకే, ఒక్కోసారి అంతకంటే తక్కువకే, చాలా మంచి బర్బన్ దొరుకుతుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: మనం తాగే పద్ధతికి 30 డాలర్లలోపు వైల్డ్ టర్కీ 101ని మించింది లేదు. ఇంకో ఐదారు డాలర్లు మిగలాలనుకుంటే ఇవాన్ విలియమ్స్ వైట్ లేబుల్. బఫెలో ట్రేస్ బాగుంటుంది గానీ దానికోసం ఊరంతా తిరగక్కర్లేదు. సాత్వికంగా ఉండాలంటే మేకర్స్ మార్క్ లేదా లార్సెనీ.

మనం తాగే పద్ధతి అంటే తెలిసిందే. గ్లాసు నిండా ఐసు, పైన సోడా, పక్కన కారంగా ఏదో ఒక వేపుడు. బర్బన్ గురించి ఇంగ్లీషులో రాసేవాళ్లు ఎక్కువగా నీళ్లు కూడా కలపకుండా చప్పరించి తీర్పు చెబుతారు. వాళ్లకి నచ్చిన 40 శాతం సీసా మన గ్లాసులోకి వచ్చేసరికి సోడాలో కలిసి మాయమైపోతుంది. అందుకే ధర కంటే ముందు నేను చూసేది ప్రూఫ్. ఆ అంకెలో సగం ఆల్కహాల్ శాతం: 80 ప్రూఫ్ అంటే 40 శాతం, 101 అంటే 50.5.

లెక్క వేసి చూడండి. 60 మిల్లీలీటర్ల పెగ్గుకి 120 సోడా పోస్తే, 40 శాతం విస్కీ దాదాపు 13 శాతానికి పడిపోతుంది. అదే 101 అయితే 17 శాతం దగ్గర నిలబడుతుంది. ఆ తేడా మత్తుకోసం కాదు, రుచి కోసం. పీపా నుంచి వచ్చిన వాసన, తీపి, ఘాటు అన్నీ ఆల్కహాల్‌తో పాటే పలచబడతాయి. ఇంకో వైపు నుంచి చూస్తే, 40 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో ఉన్నంత సరుకు 101లో 48 మిల్లీలీటర్లలోపే ఉంటుంది. అంటే మొదటి రకం 750 ఫుల్లులో పన్నెండున్నర పెగ్గులొస్తే, రెండో రకంలో అదే బలానికి పదిహేను పైనే. షెల్ఫ్ మీద 5 డాలర్లు ఎక్కువ కనిపించిన సీసా పెగ్గు లెక్కలో సమానమైపోతుంది. పెగ్గు మాత్రం చిన్నగా పోయాలి. పాత కొలతే పోస్తే 50 శాతం సరుకు తెలియకుండా ఎక్కేస్తుంది.

చౌక సీసా అంటే భయపడాల్సిన అవసరం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. బర్బన్‌కి చట్టం గట్టిది, 18 డాలర్ల సీసాకీ 180 డాలర్ల సీసాకీ ఒకటే. అమెరికాలోనే చెయ్యాలి, గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి గోడలు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి, పీపాలోకి 125 ప్రూఫ్ మించి పోయకూడదు, బయటి నుంచి రంగు గానీ రుచి గానీ కలపకూడదు. స్కాచ్‌లో రంగుకోసం కారమెల్ కలపడానికి అనుమతి ఉంది. ఇండియాలో అమ్మే మామూలు విస్కీల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టు. బర్బన్‌లో ఆ రెండూ కుదరవు. ముదురు రంగు కనిపిస్తే అది పీపా ఇచ్చిందే.

లేబుల్ మీద ‘స్ట్రెయిట్’ అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు. నాలుగేళ్లలోపుదైతే వయసు రాసి తీరాలి. కాబట్టి స్ట్రెయిట్ అని ఉండి వయసు లేకపోతే నాలుగేళ్లు నిండినట్టే. అంతకంటే గట్టి హామీ ‘బాటిల్డ్ ఇన్ బాండ్’. విస్కీలో అడ్డమైనవన్నీ కలిపి అమ్ముతున్న రోజుల్లో, 1897లో, అమెరికా ప్రభుత్వం తెచ్చిన చట్టం ఇది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసిన సరుకు, ప్రభుత్వ నిఘా ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు, సీసాలోకి సరిగ్గా 100 ప్రూఫ్. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అన్న ఈ మూడు మాటలు కనిపించిన చౌక సీసాని కళ్లు మూసుకుని కొనొచ్చు. ‘స్మాల్ బ్యాచ్’ అన్న మాటకి మాత్రం చట్టంలో నిర్వచనమే లేదు. ఎన్ని పీపాలు కలిపినా ఆ మాట రాసుకోవచ్చు, దానికి అదనంగా డబ్బులివ్వకండి.

ఇవాన్ విలియమ్స్‌లో నల్ల లేబులూ ఉంది, తెల్ల లేబులూ ఉంది. నల్లది 43 శాతం, తెల్లది బాండ్ సరుకు, 50 శాతం. రెండిటి మధ్యా తేడా ఎక్కువ షాపుల్లో మూడు నాలుగు డాలర్లే. వెనక చిన్న అక్షరాల్లో డీఎస్‌పీ-కేవై-1 అని ఉంటుంది చూడండి. అది లూయీవిల్‌లోని బర్న్‌హైమ్ డిస్టిలరీ నంబరు. ఇవాన్ విలియమ్స్ చేసే హెవెన్ హిల్ కంపెనీ వాళ్ల బార్డ్స్‌టౌన్ డిస్టిలరీ 1996లో అగ్నిప్రమాదంలో కాలిపోయాక, 1999లో దీన్ని కొనుక్కున్నారు. 20 డాలర్ల సీసా మీద ఎవరు, ఎక్కడ తీశారో ఇంత స్పష్టంగా రాసి ఉండటం నాకు భలే ఇష్టం. రుచి సూటిగా ఉంటుంది: వెనిల్లా, పాకం, వేయించిన వేరుశనగ, చివర్లో కాస్త మిరియం. ఐసు, సోడా రెండూ తట్టుకుంటుంది. ఇరవై మంది వచ్చే వీకెండ్ పార్టీకి నేనైతే ఇదే తెస్తాను. ఉట్టిగా తాగితే మాత్రం కాస్త కురుచగా అనిపిస్తుంది. వాసన మొదట్లోనే అంతా ఇచ్చేస్తుంది, తర్వాత కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

వైల్డ్ టర్కీ 101 దగ్గర ఆ లోటు లేదు. గ్లాసులో కొద్దిగా పోసి మూత పెట్టినట్టు అరచెయ్యి పెట్టి తీయండి. ముందు ముక్కుకి తగిలేది ఆల్కహాలే. ఒక టీస్పూను నీళ్లు కలిపి ఐదు నిమిషాలు వదిలేయండి. ఆ పొగరు దిగి, కాస్త మాడిన పాకం, దాల్చినచెక్క, కమలా తొక్క వాసన పైకి వస్తాయి. గుటక దిగాక మిరియం ఘాటు చాలాసేపు నాలుక అంచుల మీద ఉంటుంది. ఇందులో 75 శాతం మొక్కజొన్న, 13 శాతం రై (గోధుమలాంటి గింజ, ఘాటు దీనిదే), 12 శాతం మాల్ట్ చేసిన బార్లీ. గింజల లెక్క మామూలుదే. తేడా పీపా దగ్గర. చట్టం 125 ప్రూఫ్ దాకా ఒప్పుకుంటే వీళ్లు 115కే పోస్తారు. తక్కువ బలంతో పోస్తే అంత సరుకుకి పీపాలు ఎక్కువ కావాలి, ఖర్చు పెరుగుతుంది. కానీ తీసి సీసాకెక్కించేటప్పుడు నీళ్లు తక్కువ కలుస్తాయి, పీపా ఇచ్చిన రుచి పలచబడదు. 1954లో ఈ డిస్టిలరీలో పనికి చేరిన జిమ్మీ రసెల్, ఆ తర్వాత ఆయన కొడుకు ఎడ్డీ, ఈ పద్ధతిని పట్టుకునే ఉన్నారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఎన్నో బ్రాండ్లు ప్రూఫ్ తగ్గించుకున్న కాలంలో, 25 డాలర్ల సీసాలో 101 అలాగే ఉండటం చిన్న విషయం కాదు. మిరియాల కోడి వేపుడు పక్కన, మటన్ ఫ్రై పక్కన, సోడా పోసినా తన గొంతు వినిపించే బర్బన్ ఇది.

ఘాటు ఇంకా కావాలనేవాళ్లకి ఓల్డ్ గ్రాండ్‌డాడ్ బాండెడ్ ఉంది. జిమ్ బీమ్ వాళ్లదే, కానీ రై 27 శాతం. వైల్డ్ టర్కీలో ఉన్నదానికి రెట్టింపు పైమాటే. నాకిది సోడాతోనే బాగుంటుంది, ఉట్టిగా తాగితే గొంతులో కొంచెం ముతక.

ఇక బఫెలో ట్రేస్. 45 శాతం, రై తక్కువ, మెత్తగా తియ్యగా ఉంటుంది. మొదటిసారి బర్బన్ తాగేవాళ్లకి ఇచ్చి చూడండి, ముఖం చిట్లించరు. ఉట్టిగా తాగడానికి ఇవాన్ విలియమ్స్ కంటే ఇదే మేలని ఒప్పుకుంటాను. చిక్కంతా దొరకడంలో ఉంది. ఇదే డిస్టిలరీ నుంచి వచ్చే బ్లాంటన్స్, వెల్లర్, పాపీ వాన్ వింకిల్ మీద ఉన్న మోజు దీనికీ అంటుకుంది. పెన్సిల్వేనియా, వర్జీనియా, నార్త్ కరోలినా, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో ధర ప్రభుత్వమే పెడుతుంది కాబట్టి, కనిపిస్తే సరసమైన ధరకే కనిపిస్తుంది. టెక్సస్, న్యూజెర్సీల్లో షాపువాడి ఇష్టం. 30 లోపు ఉంటే తీసుకోండి. 40 అంటే పెట్టేసి, రెండడుగులు వేసి వైల్డ్ టర్కీ తీసుకోండి. ‘మాతో నాలుగు వేరే సీసాలు కొంటే బఫెలో ట్రేస్ ఇస్తాం’ అనే షాపు ఎదురైతే ఇంకో షాపు చూసుకోవడమే మర్యాద.

రై బదులు గోధుమ వాడే బర్బన్‌లు వేరే దారి. రై ఇచ్చే మిరియం ఘాటు ఉండదు. రొట్టె, తేనె, వెనిల్లా వైపు ఒరుగుతాయి. మేకర్స్ మార్క్ 45 శాతం, లార్సెనీ 46 శాతం, రెండూ 30 డాలర్లకి అటూ ఇటూ. 2013లో సరుకు చాలడం లేదని మేకర్స్ మార్క్‌ని 42 శాతానికి దించుతామని కంపెనీ ప్రకటిస్తే, తాగేవాళ్లు గొడవ చేసి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకునేలా చేశారు. మూడు శాతానికి అంత గొడవా అనుకునేవాళ్లు పైన వేసిన సోడా లెక్క మళ్లీ చూడాలి. రెండిట్లో నా ఓటు లార్సెనీకి, తీపి కాస్త ముదురుగా ఉంటుంది. మేకర్స్ మార్క్ మాత్రం ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతుంది.

వెల్లర్ కూడా గోధుమదే, పాపీ వాన్ వింకిల్ కూడా అదే గింజల లెక్క. పాపీ బాగా ఖరీదు కాబట్టి వెల్లర్ ‘బీదవాడి పాపీ’ అనే ప్రచారం అక్కడి నుంచే వచ్చింది. గింజలు ఒకటైనంత మాత్రాన రుచి ఒకటి కాదు. పాపీ 15, 20, 23 ఏళ్లు పీపాలో ఉంటుంది. గోదాములో ఏ అంతస్తులో ఏ పీపా బాగా పండిందో ఏరి మరీ తీస్తారు. వెల్లర్ స్పెషల్ రిజర్వ్ 45 శాతం, మెత్తటి మామూలు బర్బన్. కంపెనీ అనుకున్న ధరకి దొరికితే మంచి బేరం, దానికి రెట్టింపు పెట్టాల్సి వస్తే లార్సెనీ చాలు. బ్లాంటన్స్ సంగతీ అంతే. 1984లో అక్కడి మాస్టర్ డిస్టిలర్ (తయారీకి పెద్ద) ఎల్మర్ టి. లీ ఒక్కొక్క పీపానే విడిగా సీసాల్లో పోసి మార్కెట్లోకి తేవడం గొప్ప ఆలోచన, సీసా మూత మీద గుర్రం బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. కానీ 120 డాలర్లకి కొనే 46.5 శాతం బర్బన్‌లో సగానికి పైగా డబ్బు పోయేది కొరతకి. అదే 120 పెడితే వైల్డ్ టర్కీ, ఇవాన్ విలియమ్స్ తెల్లది, లార్సెనీ, పైన తొమ్మిదేళ్ల నాబ్ క్రీక్ ఇంటికి తెచ్చుకుని నాలుగూ పక్కపక్కన పెట్టి రుచి చూడొచ్చు. బర్బన్ నేర్చుకోవాలంటే ఆ నాలుగు గ్లాసులే బడి.

కొత్త కొత్త పేర్లతో, చెక్క మూతలతో, ఏ తాతగారి కథతోనో 50, 60 డాలర్లకి అమ్మే సీసాలుంటాయి. తిప్పి వెనక చదవండి. ‘డిస్టిల్డ్ ఇన్ ఇండియానా’ అని చిన్నగా ఉంటే అది దాదాపుగా లారెన్స్‌బర్గ్‌లోని పెద్ద డిస్టిలరీ సరుకే. ఆ సరుకు నాణ్యమైనదే, అందులో అనుమానం లేదు. అయితే కథకీ సీసాకీ విడిగా డబ్బులిస్తున్నామన్న స్పృహతో కొనాలి. దీనికి పూర్తి వ్యతిరేకం కాస్ట్కో సొంత బ్రాండ్ కిర్క్‌లాండ్ బర్బన్. బార్డ్స్‌టౌన్‌లోని బార్టన్ 1792 వాళ్లు తీసింది, లీటరు సీసా, బాండెడ్ రకం కూడా ఉంది. మీ రాష్ట్రంలో కాస్ట్కోకి లిక్కర్ అమ్మే అనుమతి ఉండి అది కనిపిస్తే, ఇవాన్ విలియమ్స్‌కి నిఖార్సైన పోటీ.

ఇండియాకి పట్టుకెళ్లేవాళ్ల లెక్క కొంచెం వేరు. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద కస్టమ్స్ సుంకాన్ని 150 శాతం నుంచి 100కి తగ్గించారు గానీ, రాష్ట్ర పన్నులు కూడా కలిశాక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనడం ఇప్పటికీ బరువే. పైగా అక్కడి షెల్ఫ్ మీద ఎక్కువగా కనిపించేది 40 శాతం జిమ్ బీమే. మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు. 750 సీసాలు రెండు పెడితే అర లీటరు వదులుకున్నట్టే, అందుకని లీటరు సీసాలే వెతకండి. వైల్డ్ టర్కీ 101 లీటరులో దొరుకుతుంది. 70 శాతం మించనంత వరకు చెకిన్ బ్యాగులో పెట్టొచ్చు, మూతకి టేపు చుట్టి బట్టల మధ్యలో పెడితే సరి. ఇంట్లో పెద్దవాళ్లు స్కాచ్‌కి అలవాటు పడ్డవాళ్లైతే ఒకటి 101, ఒకటి మేకర్స్ మార్క్ తీసుకెళ్లి, ముందు మేకర్స్ మార్క్ తెరవండి. టెక్సస్‌లో ఉన్నవాళ్లు శనివారం రాత్రి 9లోపే కొనిపెట్టుకోండి, ఆదివారం ఫ్లైటైతే ఆ రోజు లిక్కర్ షాపులు తెరవరు.